బైబిల్లో మనుషులు, ఊళ్ళు, మాటలు: రూతు గ్రంథంతో సొంత నోట్‌బుక్ తయారు చేసుకునే పద్ధతి

సండే స్కూల్లో పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "టీచర్, మత్తయి 2వ అధ్యాయంలో హేరోదు చనిపోయాడు కదా? మరి 14వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహానుని ఎలా చంపించాడు?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం చెబుతానని ఇంటికొచ్చి, రిఫరెన్స్ బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. హేరోదు అన్న ఒక్క పేరు వెనక ఒక కుటుంబమే ఉందని అప్పుడు తెలిసింది. బేత్లెహేము పసిపిల్లల్ని చంపించినవాడు తండ్రి. చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క ప్రకారం క్రీ.పూ. 4లో చనిపోయాడు. యోహాను తల తీయించినవాడు అతని కొడుకు అంతిప. గలిలయకి చతుర్థాధిపతి, అంటే రోమా కింద ఆ ప్రాంతాన్ని ఏలినవాడు. యేసుని పిలాతు పంపించింది ఇతని దగ్గరకే. అపొస్తలుల కార్యములు 12లో యాకోబుని కత్తితో చంపించిన హేరోదు మనవడు, మొదటి అగ్రిప్ప. క్రీ.శ. 44లో పోయాడు. 25, 26 అధ్యాయాల్లో పౌలు మాట విన్న అగ్రిప్ప ఇతని కొడుకు.

ఆ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాను. నా నోట్‌బుక్‌కి అదే మొదటి పేజీ. తర్వాత చాలా ఏళ్ళుగా అదే పద్ధతిలో చదువుతున్నాను. బైబిల్ నిఘంటువు కొనుక్కుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొనుక్కోండి, మంచిదే. కానీ మీ చేత్తో వాక్యంలోంచి ఏరి రాసుకున్న పేరు మీకు గుర్తుంటుంది. ఆ పేరు చుట్టూ ఉన్న ప్రశ్నలు కూడా గుర్తుంటాయి. ఈ పని ఎలా మొదలుపెట్టాలో రూతు గ్రంథాన్ని ముందు పెట్టుకుని చెబుతాను. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. మొదటిసారి చేసేవాళ్ళకి ఇంతకంటే అనువైన పుస్తకం నాకు కనిపించలేదు.

మొదటి మెట్టు: పెన్ను లేకుండా ఒకసారి, పెన్నుతో ఒకసారి

ముందు పుస్తకం మొత్తం ఒక్క కూర్చుంటులో, పైకి చదవండి. అర్ధగంట కూడా పట్టదు. ఏదీ గీయొద్దు, ఏదీ వెతకొద్దు. కథ ఎటు నుంచి ఎటు పోయిందో పట్టుకోండి: కరువుతో మొదలై, మూడు చావులు దాటి, ఒక పసిబిడ్డ దగ్గరా ఒక వంశావళి దగ్గరా ఆగుతుంది.

రెండోసారి పెన్సిలు పట్టుకోండి. మనిషి పేరు కనిపిస్తే చుట్టూ సున్నా చుట్టండి. ఊరు, దేశం, నది అయితే పెట్టె గీయండి. అర్థం కానిదీ, అర్థమైనట్టే అనిపించినా ఈ కాలంలో వాడని మాటా కనిపిస్తే కింద గీత గీయండి. మూడోరకం దగ్గరే మనం ఎక్కువ జారిపోతాం. "సమీప బంధువుడు" అన్న మాట చదవగానే మనకి పెదనాన్న కొడుకో మేనమామో గుర్తొస్తారు, ముందుకి వెళ్ళిపోతాం. అక్కడ ఆగాలి.

నోట్‌బుక్ 200 పేజీలది, పెద్ద సైజుది తీసుకోండి. మూడు భాగాలు చేయండి: మనుషులు, ఊళ్ళు, మాటలు. ఒక్కో పేరుకి ఒక పూర్తి పేజీ ఇవ్వండి. మొదట్లో పేజీ వృథా అవుతున్నట్టు అనిపిస్తుంది, రెండేళ్ళకి అదే పేజీ చాలదు.

రెండో మెట్టు: మనిషి పేజీ ఎలా రాయాలి

నా నోట్‌బుక్‌లో నయోమి పేజీ ఇలా ఉంది:

నయోమి. మొదట కనిపించేది: రూతు 1:2. భర్త ఎలీమెలెకు, కొడుకులు మహ్లోను, కిల్యోను, కోడళ్ళు ఓర్పా, రూతు. సొంత ఊరు యూదా బేత్లెహేము, వలస వెళ్ళింది మోయాబుకి. ఇతరులు ఈమెను ఏమని పిలిచారు: నయోమి. తనను తాను ఏమని పిలుచుకుంది: మారా (1:20). ఈమె గురించి మిగతా బైబిల్లో: లేదు. నా ప్రశ్న: 1:21లో వట్టి చేతులతో తిరిగి వచ్చానంటోంది, పక్కనే రూతు నిలబడి ఉంది కదా?

అంతే. ఏడెనిమిది వరుసలు. చివర ప్రశ్న మాత్రం తప్పనిసరి. ప్రశ్న లేని పేజీని మళ్ళీ తెరిచి చూడం.

పేరుకి అర్థం రాయాలా? ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం. వాక్యమే ఆ అర్థాన్ని వాడుకుంటే రాయండి. వాడుకోకపోతే పెన్సిలుతో, పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాయండి. నయోమి విషయంలో వాక్యమే వాడుకుంది. ఆ పేరులో మధురం, మనోహరం అన్న భావం ఉంది. మారా అంటే చేదు. "నన్ను నయోమి అనక మారా అనుడి" అన్న వాక్యం ఆ రెండు అర్థాల మధ్యే నిలబడింది. నిర్గమకాండము 15:23లో నీళ్ళు చేదుగా ఉన్న చోటుకీ మారా అనే పేరు. అప్పుడు మనుషుల భాగంలో ఉన్న పేజీ నుంచి ఊళ్ళ భాగానికి ఒక బాణం గీయవచ్చు. ఎలీమెలెకు అంటే "నా దేవుడు రాజు". న్యాయాధిపతుల కాలంలో, ఇశ్రాయేలులో ఇంకా రాజు లేని రోజుల్లో ఆ పేరు పెట్టుకున్నాడన్నది ఆలోచించదగ్గ విషయమే.

మహ్లోను అంటే రోగి, కిల్యోను అంటే క్షీణించేవాడు అని ప్రసంగాల్లో తరచుగా వింటాం. అలా చెప్పే పండితులు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. వాక్యం మాత్రం ఆ అర్థాల మీద ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ రెండు పేర్ల మీద అరగంట ప్రసంగం కట్టడం నాకు భయంగా ఉంటుంది.

తర్వాత చూడాల్సింది, పేరుకి ముందు ఏ మాట తగిలించారన్నది. "మోయాబీయురాలైన రూతు" అన్న పిలుపు ఈ చిన్న పుస్తకంలో ఐదుసార్లు వస్తుంది: 1:22, 2:2, 2:21, 4:5, 4:10. బేత్లెహేము వచ్చి నెలలు గడిచినా, ఊరంతా మెచ్చుకున్నా, ఆ మాట వదల్లేదు. 4:13లో పెళ్ళైనప్పుడు మాత్రం ఒట్టి "రూతు" అనే ఉంది. రచయిత కావాలని చేశాడో లేదో నేను చెప్పలేను కానీ, ఆ ఐదు రిఫరెన్సులూ ఒకదాని కింద ఒకటి రాసుకున్న రోజు నాకు కళ్ళు చెమర్చాయి. ద్వితీయోపదేశకాండము 23:3 మోయాబీయుల గురించి ఏమంటుందో కూడా అదే పేజీలో రాయండి. అప్పుడు ఆ పిలుపు బరువు తెలుస్తుంది.

పేరు లేని మనిషికీ ఒక పేజీ ఇవ్వండి. 4వ అధ్యాయంలో, చివరికి రూతుని పెళ్ళాడిన బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడు వస్తాడు. పొలం కొంటానన్నాడు, రూతుని కూడా పెళ్ళాడాలని తెలిసి వెనక్కి తగ్గాడు. బోయజు అతన్ని పిలిచిన చోట హీబ్రూలో "పెలోనీ అల్మోనీ" అని ఉంది. అంటే మనం "ఫలానా ఆయన" అన్నట్టు. చనిపోయినవాడి పేరు నిలబెట్టడం గురించి జరిగిన పంచాయితీలో, ఆ పని కాదన్నవాడి పేరు పుస్తకంలో నిలవలేదు.

మూడో మెట్టు: ఒకే పేరు, వేరే మనుషులు

ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న కష్టం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లీషు బైబిల్లో పాత నిబంధన యాకోబుకి జేకబ్ అనీ, కొత్త నిబంధన యాకోబులకి జేమ్స్ అనీ వేరు చేశారు. మన తెలుగులో అందరూ యాకోబులే. నిజానికి గ్రీకులో కూడా పేరు అదే, కాబట్టి మన అనువాదమే మూలానికి దగ్గర. కానీ చదివేవాళ్ళు ఎవరికి వాళ్ళు విడదీసుకోవాలి: ఇస్సాకు కొడుకు యాకోబు, జెబెదయి కొడుకు యాకోబు, అల్ఫయి కొడుకు యాకోబు, ప్రభువు సహోదరుడైన యాకోబు.

యూదా కూడా అంతే. యాకోబు కొడుకు యూదా, అతని గోత్రం యూదా, ఆ గోత్రపు దేశం యూదా, ఇస్కరియోతు యూదా, పత్రిక రాసిన యూదా. యూదయ అనే ప్రాంతం మళ్ళీ వేరే మాట. సౌలు అంటే కీషు కొడుకైన రాజూ ఉన్నాడు, తార్సువాడైన పౌలూ ఉన్నాడు. ఇద్దరూ బెన్యామీను గోత్రమే.

నేను చేసేది ఇది: పేజీ పైన పేరు ఒక్కటే రాయను. తండ్రి పేరో, ఊరో, పనో కలిపి రాస్తాను. మన ఊళ్ళలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతోనో, వీధితోనో చెప్పుకుంటాం కదా, అదే పద్ధతి. బైబిలు కూడా అలాగే చేస్తుంది. "నూను కుమారుడైన యెహోషువ", "మగ్దలేనే మరియ" అన్నవి అలా వచ్చినవే.

ఒకే మనిషికి రెండు మూడు పేర్లుంటే ఒక పేజీ మాత్రమే పెట్టి, మిగతా పేర్లకి "ఫలానా పేజీ చూడు" అని ఒక వరుస రాయండి. సీమోను, పేతురు, కేఫా ఒకరే. రాజుల గ్రంథంలో అజర్యా, దినవృత్తాంతముల్లో ఉజ్జియా ఒకరే. మోషే మామ యిత్రో, రగూయేలు కూడా.

పేర్ల అక్షరాలు మారడం గురించి ఒక మాట. రూతు 4:18లో హెస్రోను అని ఉన్నవాడే మత్తయి 1:3లో ఎస్రోము. రూతులో రాము, మత్తయిలో అరాము. మనిషి మారలేదు, ఒకటి హీబ్రూ నుంచి వచ్చింది, ఇంకోటి గ్రీకు నుంచి వచ్చింది. హనన్యా, అననీయ మధ్య తేడా కూడా ఇలాంటిదే. అనువాదాలు మారినా, వార్తాపత్రికల్లో చదివినా ఊరి పేరు మారుతుంది: యెరూషలేము, జెరూసలేం. ఫోన్‌లో యాప్‌లో వెతికేటప్పుడు ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే లేదనుకోకండి. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలతో మాత్రమే వెతకండి.

నాలుగో మెట్టు: ఊరు పేజీ, చేత్తో గీసిన పటం

బైబిలు వెనక రంగుల పటాలుంటాయి. వాటిని చూసి, మీ చేత్తో ఒక పటం గీయండి. అందంగా రానక్కర్లేదు. మధ్యలో నిలువుగా మృత సముద్రం, దాని పైనుంచి దిగే యొర్దాను, పడమర గట్టు మీద యెరూషలేము, దానికి దక్షిణంగా ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లలో బేత్లెహేము. తూర్పు గట్టు మీద మోయాబు. చాలు.

ఇప్పుడు ఎత్తులు రాయండి. బేత్లెహేము సముద్రమట్టానికి సుమారు 775 మీటర్ల ఎత్తున ఉంది. మృత సముద్రం నీటిమట్టం ఈ రోజుల్లో సముద్రమట్టానికి సుమారు 430 మీటర్లు దిగువన ఉంది. మోయాబు మళ్ళీ ఎత్తైన పీఠభూమి. అంటే బేత్లెహేము నుంచి మోయాబుకి పోవడమంటే 1,200 మీటర్లు దిగి, మళ్ళీ అంత ఎక్కడం. గాలి తేటగా ఉన్న రోజున బేత్లెహేము కొండల మీద నుంచి చూస్తే, లోయ అవతల మోయాబు కొండలు నీలంగా కనిపిస్తాయి. కరువులో ఉన్న కుటుంబానికి అది ఎక్కడో తెలియని దేశం కాదు. రోజూ కంటికి కనిపించే గట్టు. ఏ దారిన వెళ్ళారో పుస్తకం చెప్పలేదు, కాబట్టి పటం మీద దారి గీత గీయకండి.

పేజీలో ఈ నాలుగూ ఉండాలి: పేరు, దాని పాత పేర్లు, అదే పేరుతో వేరే ఊరుందా, ఇప్పుడు ఏ దేశంలో ఉంది. బేత్లెహేముకి ఎఫ్రాతా అని ఇంకో పేరుంది, ఆదికాండము 35:19 చూడండి, మీకా 5:2 చూడండి. అదే పేరుతో జెబూలూను గోత్రంలో, నజరేతుకి దగ్గర్లో మరో బేత్లెహేము ఉంది (యెహోషువ 19:15). రూతు 1:1 "యూదా బేత్లెహేము" అని స్పష్టంగా చెప్పడానికి కారణం ఇదే. న్యాయాధిపతులు 12:8లో ఇబ్సాను ఊరు బేత్లెహేము అని ఊరికే ఉంది. అది ఏ బేత్లెహేమో తేలని విషయం. బేత్లెహేము అంటే "రొట్టెల ఇల్లు". రొట్టెల ఊళ్ళో కరువొచ్చింది.

ఇప్పటి దేశాల పేర్లు రాసేటప్పుడు జాగ్రత్త. బేత్లెహేము ఇప్పుడు వెస్ట్ బ్యాంక్‌లో ఉంది, మోయాబు నేల జోర్డాన్ దేశంలో ఉంది. మోయాబులో పారే అర్నోను నదిని ఇప్పుడు వాదీ ముజీబ్ అంటారు. పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన రాసుకుంటే గూగుల్ మ్యాప్‌లో తేలిగ్గా దొరుకుతుంది.

పాత ఊళ్ళ గురించి చదివేటప్పుడు "తెల్" అనే మాట పదే పదే వస్తుంది. తెల్ దాను, తెల్ మెగిద్దో ఇలా. మన పల్లెల్లో పాటిదిబ్బ అనేదే అది. ఊరు కూలిపోతే దాని మీదే మళ్ళీ ఊరు కట్టి, అది కూలితే దాని మీద ఇంకోటి కట్టి, వందల ఏళ్ళకి ఒక దిబ్బగా పైకి లేస్తుంది. పై పొర కొత్తది, కింద పొర పాతది.

ఐదో మెట్టు: మాటల భాగం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఇందులో తెలుగు పల్లె తెలిసినవాళ్ళకి ఉన్న సౌకర్యం పట్నంలో పుట్టినవాళ్ళకి లేదు.

పరిగె ఏరడం అంటే ఏమిటో ఎవరైనా అమ్మమ్మని అడగండి. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. రూతు చేసింది ఆ పనే. కానీ అక్కడ అది దయ మాత్రమే కాదు, చట్టం. లేవీయకాండము 19:9, 23:22, ద్వితీయోపదేశకాండము 24:19 మూడూ చూడండి. పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, మరిచిపోయిన పన కోసం వెనక్కి పోకూడదు. పేదలకీ, పరదేశులకీ, విధవరాండ్రకీ వదలాలి. రూతు ఆ మూడూ.

కళ్ళం, తూర్పారబట్టడం కూడా విడమరిచి చెప్పక్కర్లేని మాటలు. 3:2లో బోయజు రాత్రిపూట కళ్ళంలో యవలు తూర్పారబట్టిస్తాడని ఉంది. యవలంటే బార్లీ. రాత్రి ఎందుకు? ఆ కొండల మీద మధ్యాహ్నం నుంచి పడమటి సముద్రపు గాలి వీస్తుంది, సాయంత్రం పొట్టు ఎగరేయడానికి సరిగ్గా సరిపోతుంది. గింజల రాశి పక్కన పడుకోవడం దొంగల భయానికి. గాలి కోసం చేటతో ఎదురుచూసిన రైతులకి ఈ వచనం ఒక్క చూపులో అర్థమవుతుంది.

కొలతల దగ్గర మాత్రం మన భాష మనల్ని పక్కదారి పట్టించవచ్చు. 2:17లో రూతు ఏరుకున్నది దుల్లకొడితే దాదాపు "తూమెడు" యవలు వచ్చాయని పాత అనువాదంలో ఉంది. తూము అనగానే మనకి నాలుగు కుంచాలు, ఇరవై తూములైతే ఒక పుట్టి, ఆ లెక్క గుర్తొస్తుంది. మూలంలో ఉన్న కొలత ఏఫా. చాలామంది దాన్ని సుమారు 22 లీటర్లుగా లెక్కకడతారు, అంతకంటే ఎక్కువని చెప్పేవారూ ఉన్నారు. 22 లీటర్ల బార్లీ అంటే సుమారు 13 కిలోలు. ఒక ఆడమనిషి ఒక్క రోజు పరిగె ఏరి 13 కిలోలు తలకెత్తుకుని అత్త దగ్గరికి వచ్చిందంటే, 2:19లో నయోమి ఆశ్చర్యం ఎందుకో తెలుస్తుంది. కొలతల కోసం నోట్‌బుక్ చివర ఒక పేజీ వేరుగా పెట్టుకోండి. ఓమెరు ఏఫాలో పదో వంతు (నిర్గమకాండము 16:36), ఇలా ఒకదానికొకటి కలుపుకుంటూ వెళ్ళండి.

ఇప్పుడు ఒకే హీబ్రూ మాట తెలుగులో రెండు చోట్ల రెండు మాటలైన చోటు. 2:12లో బోయజు రూతుతో, నీవు యెహోవా రెక్కల కిందికి వచ్చావు, ఆయన నీకు సంపూర్ణమైన బహుమానం ఇవ్వాలి అంటాడు. 3:9లో రూతు కళ్ళంలో బోయజుతో, నీ కొంగు నీ దాసురాలి మీద కప్పు అంటుంది. రెక్క, కొంగు. రెండు చోట్లా హీబ్రూలో ఉన్నది "కానాఫ్" అనే మాటే. పక్షికి రెక్క, వస్త్రానికి అంచు, రెండూ అదే. అంటే రూతు బోయజు ప్రార్థనని అతనికే తిప్పి చెప్పింది: దేవుని రెక్కల కింద ఉండాలని దీవించావు కదా, ఆ రెక్క నువ్వే అవ్వు. యెహెజ్కేలు 16:8లో కూడా వస్త్రపు అంచు కప్పడం పెళ్ళి నిబంధనకి గుర్తు. మన అనువాదకులు అక్కడ కొంగు అన్న మాట వేశారు చూడండి, పెళ్ళిలో కొంగులు ముడివేసుకునే మనకి ఆ సన్నివేశం అడక్కుండానే తెలిసిపోతుంది. రెక్కకీ కొంగుకీ ఉన్న చుట్టరికం మాత్రం తెలుగులో కనపడదు. దాని కోసమే మూలభాష మాట వెతకాలి.

ఎలా వెతకాలి? హీబ్రూ రాకపోయినా ఫర్వాలేదు. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో అచ్చువేసిన పదసూచికలో ప్రతి హీబ్రూ, గ్రీకు మాటకీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబర్లు ఇప్పుడు ఉచిత యాప్‌లలోనూ ఉన్నాయి. కానాఫ్ నంబరు హీబ్రూ 3671. ఒక వచనంలో మాట నంబరు చూసి, అదే నంబరు ఇంకెక్కడ వచ్చిందో చూడడమే పని. ఒక హెచ్చరిక: నంబరు కింద ఇచ్చిన అర్థాల జాబితా అంతా తెచ్చి ఒకే వచనంలో కుమ్మరించకండి. కన్ను అంటే తెలుగులో చూసే కన్నూ ఉంది, కొబ్బరికాయ కన్నూ ఉంది. ఒకే వాక్యంలో రెండూ ఉండవు. మాట ఏ అర్థంలో ఉందో పక్కనున్న వాక్యాలే చెబుతాయి.

అలాగే హీబ్రూ 1350 వెతకండి. "గాఅల్", విడిపించడం. రూతు 2:20లో విడిపించగల సమీప బంధువు, యోబు 19:25లో "నా విమోచకుడు సజీవుడు", సంఖ్యాకాండము 35:19లో హత్యకి ప్రతిహత్య చేసే బంధువు, అన్నీ ఆ మాట నుంచే. అమ్ముకున్న భూమిని తిరిగి కొనిచ్చే బాధ్యత లేవీయకాండము 25:25లో ఉంది. ద్వితీయోపదేశకాండము 25:5–10లో ఉన్నది వేరే ఆచారం: చనిపోయిన అన్నదమ్ముడి భార్యని పెళ్ళి చేసుకోవడం. రూతు 4లో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి, చెప్పు తీయడం కూడా ఉంది. కానీ ద్వితీయోపదేశంలో చెప్పు ఊడదీసేది విధవరాలు, అది అవమానం. ఇక్కడ బంధువే తీసి ఇస్తాడు, అది బేరం ఖాయమైనందుకు గుర్తు. ఈ రెండూ ఒకటే అని రాసేయకండి. రెండు కాలమ్‌లు గీసి పక్కపక్కన పెట్టండి.

"హెసెద్" అనే మాట (హీబ్రూ 2617) 1:8, 2:20, 3:10లో ఉంది. కీర్తన 136లో ప్రతి వచనంలో "కృప" అని వచ్చేది అదే. రూతులో ఆ మూడు చోట్లా మీ అనువాదం ఏ మాట వేసిందో మీరే చూసి రాసుకోండి.

ఆరో మెట్టు: తవ్వకాల్లో దొరికినవి

1868లో మోయాబు నేలలో, దీబోను అని బైబిల్లో ఉన్న ధీబాన్ దగ్గర, ఒక నల్లటి బసాల్టు రాయి దొరికింది. మోయాబు రాజు మేషా చెక్కించిన శాసనం, 34 వరుసలు. స్థానికులు తర్వాత దాన్ని ముక్కలు చేశారు. కానీ అంతకు ముందే కాగితం అద్ది అచ్చు తీసి ఉంచడం వల్ల చాలావరకు చదవగలుగుతున్నారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో ఉంది. 2 రాజులు 3లో కనిపించే మేషా ఇతనే. శాసనంలో ఇశ్రాయేలు రాజు ఒమ్రీ పేరుంది, మోయాబీయుల దేవత కెమోషు పేరుంది, యెహోవా పేరూ ఉంది.

రూతు చదివేవాళ్ళకి దీనితో ఏం పని? ఆ శాసనం భాష హీబ్రూకి చాలా దగ్గరగా ఉంది. అత్తాకోడళ్ళు దారిలో మాట్లాడుకోవడానికి భాష పెద్ద అడ్డం కాకపోయి ఉండవచ్చు. మేషా క్రీ.పూ. 9వ శతాబ్దం వాడు, రూతు కథ అంతకు రెండు శతాబ్దాలకి పైగా ముందుది. కాబట్టి "ఉండవచ్చు" అని మాత్రమే రాయాలి.

1908లో గెజెరులో ఒక చిన్న సున్నపురాయి పలక దొరికింది. పంటల నెలల జాబితా. అందులో యవల కోతకి ఒక నెల అని ఉంది, దాని తర్వాత మరో కోత నెల. రూతు 2:23లో యవల కోత, గోధుమల కోత ముగిసేదాకా అన్నది దీనికి సరిపోతుంది. 1993లో తెల్ దానులో దొరికిన శాసనం ముక్కలో "దావీదు ఇల్లు" అన్న మాట ఉంది. రూతు గ్రంథం ఆఖరి మాట దావీదే కాబట్టి అదీ ఒక వరుస రాసుకోవచ్చు.

వీటిలో ఏదీ రూతు పేరు గానీ బోయజు పేరు గానీ చెప్పదు. శాసనం గురించి రాసేటప్పుడు రెండు వరుసలు రాయండి: ఇది ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు. రెండో వరుస రాయకపోతే మనం వాట్సాప్‌లో తిరిగే "బైబిలు నిజమని రుజువైంది" ఫార్వర్డుల్లో పడిపోతాం. మన విశ్వాసానికి అబద్ధపు ఊతం అక్కర్లేదు.

నాలుగో అధ్యాయంలోని పురద్వారం గురించి కూడా తవ్వకాలు సాయం చేస్తాయి. తెల్ దాను, లాకీషు వంటి చోట్ల ఊరి గుమ్మాల దగ్గర రాతి అరుగులు బయటపడ్డాయి. పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోటు. మనకి రచ్చబండ ఎలాగో అలా.

ఏడో మెట్టు: ప్రతి వరుస పక్కనా ఒక గుర్తు

నేను నాలుగు గుర్తులు వాడతాను. వాక్యంలో ఉన్నదానికి "వా". తవ్వకాల నుంచీ బయటి చరిత్ర నుంచీ వచ్చినదానికి "త". సంప్రదాయానికి "సం". నా ఊహకి "ఊ". ఈ పుస్తకం సమూయేలు రాశాడన్నది యూదుల పాత సంప్రదాయం, "సం". పుస్తకంలో రచయిత పేరు లేదు, "వా". 4:7లో పూర్వకాలపు ఇశ్రాయేలు ఆచారం అని విడమరిచి చెప్పాడంటే, రాసినవాడి రోజులకి ఆ ఆచారం పోయి ఉంటుందన్నది "ఊ", కానీ బలమైన ఊహ. బోయజు తల్లి రాహాబు అన్నది మత్తయి 1:5, "వా".

వంశావళిలో పది పేర్లున్నాయి, పెరెసు నుంచి దావీదు దాకా. నయస్సోను అరణ్యంలో మోషే కాలం వాడు (సంఖ్యాకాండము 1:7). అక్కడి నుంచి దావీదుకి ఐదే తరాలు, కాలం మాత్రం చాలా ఎక్కువ. హీబ్రూలో "కనెను", "కుమారుడు" అన్న మాటలు తాత, ముత్తాతల దాకా కూడా వెళ్తాయి. వంశావళులతో సంవత్సరాల లెక్క కట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ప్రతుల గురించి కొన్ని మాటలు వింటారు, క్లుప్తంగా రాసుకుంటే చాలు. మసోరెతు ప్రతి అంటే యూదు లేఖకులు కాపాడిన హీబ్రూ పాఠం. సెప్టువజింట్ అంటే క్రీస్తుకి ముందు శతాబ్దాల్లో చేసిన గ్రీకు అనువాదం. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో 1947 నుంచి దొరికిన చుట్టల్లో రూతు గ్రంథపు నాలుగు ప్రతుల ముక్కలున్నాయి. హీబ్రూ బైబిల్లో రూతు న్యాయాధిపతుల పక్కన ఉండదు, మూడో భాగమైన రచనల్లో ఉంటుంది. వారముల పండుగ రోజున యూదులు దాన్ని చదువుతారు. అది గోధుమల కోత కాలం.

రూతు తర్వాత

నాలుగు అధ్యాయాలకీ ఇరవై ఐదు దాకా పేజీలు తయారవుతాయి. తొందరపడకుండా వారానికి ఒక అధ్యాయం చేయండి. తర్వాత 1 సమూయేలు పట్టుకోండి, సగం పేర్లు మీకు ముందే తెలిసి ఉంటాయి.

అక్కడ 22వ అధ్యాయం 3, 4 వచనాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సౌలు తరుముతుంటే దావీదు తన తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళి ఎక్కడ దాచాడు? మోయాబు రాజు దగ్గర. యెష్షయి ఓబేదు కొడుకు, ఓబేదు రూతు కొడుకు. ముసలి యెష్షయి తన నానమ్మ పుట్టిన దేశంలో తలదాచుకున్నాడు. అందుకే అక్కడికి వెళ్ళారని వాక్యం చెప్పలేదు. మోయాబు పేజీ తెరిచి, రూతు పేజీ నుంచి ఒక బాణం గీసి, పక్కన "ఊ" అని రాసుకున్నాను.